సముద్రంలో స్థావరం: నేల మీద చోటుండగా ఓడ ఎందుకు?

ప్రశ్న: తీరవాసి

అమెరికా నౌకాదళంలో లూయిస్ బి. పుల్లర్ అనే ఓడ ఉంది. చమురు ట్యాంకరు నమూనాపై కట్టిన, దాదాపు 240 మీటర్ల పొడవున్న ఈ ఓడను 2017లో బహ్రెయిన్‌లో యుద్ధనౌకగా దళంలో చేర్చుకున్నారు. హెలికాప్టర్లు దిగే విశాలమైన డెక్కు, సైనికులకు వసతి, చిన్న పడవలను నీటిలోకి దింపే క్రేను ఉన్నాయి గానీ, చెప్పుకోదగ్గ ఆయుధాలు లేవు. బహ్రెయిన్ గడ్డ మీదనే అమెరికాకు నౌకా స్థావరం ఉండగా అక్కడికి మళ్లీ ఒక తేలే స్థావరాన్ని తెచ్చుకోవడంలోని ఆంతర్యం నాకు అర్థం కాలేదు. పైగా ఒక్క క్షిపణి తగిలితే మునిగిపోగల దానిని స్థావరం అనడం సబబేనా? విమానవాహక నౌక ఉండగా ఇది వేరే ఎందుకో కూడా తెలిసినవారు వివరించగలరు.

జవాబు: పాత పటాలు

దీని వెనుక ఉన్నది సాంకేతిక కారణం కన్నా రాజకీయ కారణమే. పరాయి దేశంలోని స్థావరం అద్దె ఇంటి వంటిది. యజమాని మనసు మారిన రోజున తాళం చేతిలో ఉన్నా తలుపు తెరుచుకోదు. 2003 మార్చి 1న టర్కీ పార్లమెంటు అనుమతి నిరాకరించడంతో, ఉత్తర దిశ నుంచి ఇరాక్‌లోకి ప్రవేశించవలసిన అమెరికా 4వ పదాతి డివిజన్ సామగ్రి మధ్యధరా సముద్రంలో ఓడల మీదనే నిలిచిపోయి, చివరకు సూయజ్ కాలువ మీదుగా కువైట్‌కు చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది.

మీరడిగిన గల్ఫ్‌లోనే ఇంతకు ముందటి ఉదాహరణ ఉంది. ఇరాన్–ఇరాక్ యుద్ధకాలంలో, 1987లో, కువైట్ ట్యాంకర్లకు రక్షణగా వచ్చిన అమెరికాకు తమ నేల మీద బాహాటంగా చోటివ్వడానికి తీర దేశాలు వెనుకాడాయి. అప్పుడు చమురు పరిశ్రమ వాడే హెర్క్యులిస్, విమ్‌బ్రౌన్ 7 అనే రెండు బార్జిలను (చదునైన పెద్ద పడవలను) అద్దెకు తీసుకుని, ఇసుక బస్తాలు పేర్చి, తుపాకులు అమర్చి, చిన్న హెలికాప్టర్లను, గస్తీ పడవలను వాటి మీద ఉంచి, ఉత్తర గల్ఫ్‌లో చోట్లు మారుస్తూ నిలిపారు. పుల్లర్‌ను ఆ బార్జిలకు వారసురాలనుకోండి.

విమానవాహక నౌక సంగతి: 2001లో అఫ్గానిస్తాన్ దాడుల సమయంలో కిట్టీ హాక్ అనే అమెరికా విమానవాహక నౌక తన విమానాల్లో అధిక భాగాన్ని జపాన్‌లో వదిలి, ప్రత్యేక దళాల హెలికాప్టర్లకు చోటిచ్చి అరేబియా సముద్రానికి వచ్చింది. అంత ఖరీదైన నౌకను అటువంటి పనికి కేటాయించే అవసరం తప్పించడమే పుల్లర్ వంటి ఓడల ప్రయోజనం.

జవాబు: ఉప్పుగాలి

క్షిపణి గురించిన సందేహానికి, దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల కోసం 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధాన్ని మించిన పాఠం నాకు కనిపించదు. బ్రిటన్ నుంచి ఆ దీవులు దాదాపు 13,000 కిలోమీటర్ల దూరం. దారి మధ్యలో చేతికందిన నేల అసెన్షన్ దీవి ఒక్కటే. అక్కడి నుంచి కూడా ఇంకా 6,000 కిలోమీటర్లకు పైగా వెళ్లాలి. మే 1న అసెన్షన్ నుంచి ఒక్క వల్కన్ బాంబరును దీవుల రాజధాని స్టాన్లీలోని రన్‌వే మీదికి పంపి రప్పించడానికి గాలిలోనే ఇంధనం నింపే విమానాలు 11 కావలసి వచ్చాయి. అంత శ్రమపడి వేసిన 21 బాంబుల్లో రన్‌వేను తాకింది ఒక్కటి. ఇక రోజువారీ యుద్ధభారమంతా హెర్మిస్, ఇన్విన్సిబుల్ అనే రెండు విమానవాహక నౌకలు, మొదట్లో వాటి మీదున్న 20 సీ హారియర్ యుద్ధ విమానాలే మోశాయి.

అయితే ఆ దండయాత్రను దాదాపు కుంగదీసిన దెబ్బ తగిలింది యుద్ధనౌకకు కాదు, అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడకు. మే 25న అర్జెంటీనా విమానాలు వదిలిన ఎక్సోసెట్ క్షిపణులతో అది తగలబడింది. 12 మంది మరణించారు. మోసుకొచ్చిన హారియర్లు అప్పటికే వేరే నౌకలకు ఎగిరిపోయాయి గానీ, మూడు చినూక్ హెలికాప్టర్లు, ఆరు వెసెక్స్ హెలికాప్టర్లు, వేల మందికి సరిపడే గుడారాలు బూడిదయ్యాయి. గాలిలో ఉన్నందువల్ల ఒకే ఒక చినూక్ మిగిలింది. హెలికాప్టర్ల మీద వెళ్లవలసిన సైనికులు తాము ఒడ్డు చేరిన శాన్ కార్లోస్ నుంచి స్టాన్లీ వైపు సుమారు 80 కిలోమీటర్లు, బరువైన మూటలు మోసుకుంటూ బురద నేల మీద నడిచారు. జూన్ 14న అర్జెంటీనా దళాలు లొంగిపోయాయి సరే, కానీ నా దృష్టిలో సముద్ర స్థావరానికి ప్రాణం ఫిరంగుల్లో కాక సరుకు పంపకంలో ఉంటుంది. ఎక్కువ సరుకును ఒకే ఓడలో పెట్టిన రోజున శత్రువుకు వెతుకులాట తగ్గుతుంది.

తీరవాసి

అలాగైతే అసలు మునగనంత పెద్దది కట్టవచ్చు కదా?

పాత పటాలు

ఆ ఆలోచన కూడా చేశారు. రవాణా విమానాలు దిగేందుకు వీలుగా ఒకదానికొకటి తగిలించిన వేదికలతో కిలోమీటరున్నరకు పైగా పొడవుండే స్థావరాన్ని 1990ల్లో అమెరికా అధ్యయనం చేసింది. ఖర్చు చూసి వదిలేసింది. అంతటిది కదలలేక పట్టుబడుతుందన్న సందేహం నాకు వేరే ఉంది.

జవాబు: విశాఖ రేవు

మన అనుభవం ఒకటి కలుపుతాను. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిన రోజుల్లో, అది వెతుకుతూ వచ్చిన మన విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ల వైపు ఉండి, డిసెంబరు 4 నుంచి అప్పటి తూర్పు పాకిస్తాన్ రేవులైన కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద తన విమానాలతో దాడులు చేసింది. ఆ భాగం ఘనవిజయం. యుద్ధం ముగింపుకొచ్చిన దశలో కాక్స్ బజార్ వద్ద సైన్యాన్ని దింపబోయినప్పుడు మాత్రం, ఒడ్డుకు ముందున్న ఇసుక మేటను, దాని వెనుక లోతును సరిగా అంచనా వేయకపోవడం వల్ల, బరువైన మూటలతో నీటిలోకి దిగిన గూర్ఖా సైనికులు కొందరు మునిగిపోయారు. శత్రువు ఒక్క గుండూ పేల్చనవసరం లేకపోయింది.

ప్రస్తుతం విశాఖలో ఉండే జలాశ్వ, 2007లో అమెరికా నుంచి కొన్న పాత ట్రెంటన్ నౌక, తన వెనుక భాగంలోకి నీరు నింపుకుని లోపలి ల్యాండింగ్ పడవలను తేలించి బయటకు వదలగలదు. ఆ పడవలు సైతం చివరకు ఏదో ఒక ఇసుక మీదే ఆగాలి కనుక, సముద్ర స్థావరాల చర్చలో క్షిపణుల కన్నా ముందు తీరపు లోతు కొలిచే సర్వే నౌకల గురించి అడగడం మేలని నా అభిప్రాయం.