స్విఫ్ట్ ఎడమ వైపు బయటి సీవీ బూట్ చిరిగింది, ఇంట్లో మార్చొచ్చా?

విజయవాడ_స్విఫ్ట్:
అందరికీ నమస్కారం. 2012 స్విఫ్ట్ పెట్రోల్, మాన్యువల్ గేర్, ఏబీఎస్ లేదు. ఎడమ ముందు చక్రం రింగు లోపలి వైపు, లోయర్ ఆర్మ్ మీద నల్ల గ్రీజు చిమ్మి ఉంది. చూస్తే బయటి బూట్ (చక్రం వైపు సీవీ జాయింట్‌ని, అంటే వంగుతూ తిరిగే కీలుని, కప్పే రబ్బరు తొడుగు) మడతలో వేలెడు చీలిక. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపితే టకటక చప్పుడేమీ లేదు. షెడ్‌లో యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్ట్) మొత్తం మార్చాలంటున్నారు. బయటి బూట్ కిట్ తెచ్చాను: బూట్, రెండు క్లిప్పులు, ఒక గ్రీజు ప్యాకెట్. వీడియోల్లో లాగా బయటి జాయింట్‌ని సుత్తితో కొడితే ఊడి వస్తుందా? గేర్ ఆయిల్ కారకుండా చెయ్యడానికి దారి ఉందా?

షాఫ్ట్_పని:
చప్పుడు లేదు కాబట్టి యాక్సిల్ మార్చక్కర్లేదు. కానీ ఆలస్యం చెయ్యకండి. బయటికి పోయిన గ్రీజు కన్నా లోపలికి చేరే దుమ్ము, వాన నీళ్లే జాయింట్‌ని తినేస్తాయి.

సుత్తి మాత్రం వద్దు. ఆ వీడియోలు ఎక్కువగా ఫోక్స్‌వ్యాగన్ లాంటి కార్లవి. వాటిలో బయటి జాయింట్ లోపలి సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) మీద నిలబడుతుంది, కొడితే జారి వస్తుంది. సుజుకి మాన్యువల్ చక్రం వైపు జాయింట్‌ని విప్పొద్దనే చెబుతుంది, టయోటాలో చాలా మోడళ్లకూ ఇదే మాట. కొడుతూ పోతే జాయింట్ లోపలి బాల్స్‌ని పట్టి ఉంచే కేజ్ పగులుతుంది, అప్పుడు నిజంగానే యాక్సిల్ కొనాల్సి వస్తుంది.

దారి లోపలి వైపు నుంచి. లోపలి జాయింట్ విప్పి, రెండు బూట్లనూ ఆ చివర నుంచే తీసి, కొత్తవి ఆ చివర నుంచే ఎక్కించాలి. కాబట్టి లోపలి బూట్ కిట్ కూడా కొనండి. దానితోపాటు కొత్త హబ్ నట్ (చక్రం మధ్యలో షాఫ్ట్‌ని పట్టే పెద్ద నట్), షాఫ్ట్ చివర సర్క్లిప్, సర్క్లిప్ ప్లయర్, బూట్ చెవి క్లిప్పులు (చెవిలా లేచిన భాగాన్ని నొక్కితే బిగిసేవి) నొక్కే ప్లయర్ కావాలి.

హబ్ నట్ తిరగకుండా దాని అంచుకి కొట్టిన నొక్కును సన్న ఉలితో పైకి లేపి, చక్రం నేల మీద ఉండగానే, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే నట్ వదులు చెయ్యండి. అక్కడి నుంచి కారు కదపొద్దు. స్టాండ్ మీద పెట్టి చక్రం తీయండి. స్టెబిలైజర్ బార్ (కారు పక్కకి ఒరగకుండా చూసే కడ్డీ) లోయర్ ఆర్మ్‌ని కిందికి రానివ్వకపోతే దాన్ని విడదీయండి. లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ కాడని నకుల్‌లో (హబ్‌ని మోసే ఇనుప భాగం) బిగించే బోల్టు పూర్తిగా బయటికి లాగాలి. బాల్ కాడకి గాడి ఉంటుంది, బోల్టు సగంలో ఉంటే ఎంత కొట్టినా కాడ దిగదు. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్) బోల్టులు ముట్టుకోకండి, క్యాంబర్ (చక్రం పక్కకి ఒరిగే కోణం) మారుతుంది.

హబ్‌లోంచి షాఫ్ట్ రాకపోతే పాత నట్‌ని దారాల చివరికి సమంగా ఎక్కించి రబ్బరు సుత్తితో కొట్టండి. నేరుగా దారాల మీద కొడితే కొత్త నట్ ఎక్కదు. బ్రేక్ పైపు మీద బరువు పడకుండా చూసుకోండి.

ఇక ఆయిల్ సంగతి. లోపలి బూట్ పెద్ద క్లిప్పు కోసి బూట్ వెనక్కి జరపండి. లోపల మూడు రోలర్ల ట్రైపాడ్ ఉంటే షాఫ్ట్ దాంతో సహా గిన్నెలోంచి (లోపలి జాయింట్ బయటి కప్పు) జారి వస్తుంది, గిన్నె గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, ఆయిల్ చుక్క కారదు. గిన్నెకీ ట్రైపాడ్‌కీ షాఫ్ట్‌కీ పెయింట్ గుర్తు పెట్టాకే లాగండి. రోలర్లు పడిపోకుండా టేపు చుట్టండి. రోలర్లకు బదులు బాల్స్ ఉన్న రకమైతే గిన్నె అంచులో తీగ రింగు ఉంటుంది, ముందు దాన్ని తీయాలి.

గ్రీజు_గోదావరి:
పై పద్ధతి సరైనదే. బల్ల మీద చేసే పని గురించి నాలుగు మాటలు కలుపుతాను, ఎక్కువ పాడయ్యేది అక్కడే.

ట్రైపాడ్ సర్క్లిప్ తీసి, ట్రైపాడ్ లాగి, బూట్లు తీసేయండి. బయటి జాయింట్‌ని విప్పకుండానే అన్ని వైపులా వంచుతూ పాత గ్రీజు గుడ్డతో తీయండి. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా గరగరలాడినా, బాల్స్ తిరిగే గాడిలో గుంటలు కనిపించినా కొత్త బూట్ వేసి లాభం లేదు, అక్కడ ఆగి యాక్సిల్ మార్చండి. కిరసనాయిలుతో కడిగితే పూర్తిగా ఆరే దాకా ఆగాలి, మిగిలిపోతే కొత్త గ్రీజు పలచబడి అంచుల్లోంచి కారుతుంది.

బయటి జాయింట్‌కి మాలిబ్డినం ఉన్న సీవీ గ్రీజు. ప్యాకెట్ మొత్తం వాడండి. ఎక్కువ భాగం బాల్స్ మధ్యకి వెళ్లేలా నొక్కి, మిగిలింది బూట్‌లో. లోపలి జాయింట్‌కి ఆ కిట్‌లో వచ్చిందే వాడండి, రెండూ కలపొద్దు. చక్రాల బేరింగుల మామూలు గ్రీజు ఈ పనికి రాదు.

ఎక్కించే వరస: షాఫ్ట్ పళ్లకి టేపు చుట్టి, బయటి బూట్, దాని క్లిప్పులు, తర్వాత లోపలి బూట్, దాని క్లిప్పులు, చివర ట్రైపాడ్. క్లిప్పు మర్చిపోతే మళ్లీ అన్నీ విప్పాలి. ట్రైపాడ్ పెయింట్ గుర్తుకి, ముందున్న వైపుకే రావాలి, కొత్త సర్క్లిప్ గాడిలో పూర్తిగా కూర్చోవాలి.

చిన్న క్లిప్పు బిగించే ముందు జాయింట్ వంచకుండా తిన్నగా ఉంచి, మొద్దు స్క్రూడ్రైవర్‌తో బూట్ అంచు కొంచెం లేపి గాలి వదలండి. గాలి చిక్కుకుంటే బూట్ ఉబ్బుతుంది, తగ్గితే మడతలు లోపలికి పీక్కుని రాసుకుంటూ కొద్ది రోజుల్లోనే చిరుగుతుంది. ప్లాస్టిక్ టైలు వద్దు, వేడికి సాగిపోతాయి.

విజయవాడ_స్విఫ్ట్:
ధన్యవాదాలు అన్నా. షాపులో షాఫ్ట్ తీయకుండా వేసే చీలిక బూట్, అంటించుకునేది చూపిస్తున్నారు. అది వేస్తే?

షాఫ్ట్_పని:
ఆ అతుకే బలహీనత. జాయింట్ వంగిన ప్రతిసారీ అతుకు నలుగుతుంది, అంటించేటప్పుడు కాస్త గ్రీజు తగిలినా పట్టదు. దూర ప్రయాణం మధ్యలో గడవాలంటే సరే, ఇంటి దగ్గర పనికి వద్దు. కోను మీద సాగదీసి జాయింట్ మీదుగా ఎక్కించే సాగే బూట్ కొంత నయం. షాఫ్ట్ హబ్‌లోంచి వచ్చాక దాన్ని ఎక్కించొచ్చు, లోపలి వైపు విప్పక్కర్లేదు. కానీ చిన్న చివర మీ షాఫ్ట్ గాడిలో సరిగ్గా కూర్చునే సైజు దొరకాలి.

బిగించేటప్పుడు హబ్ నట్ కొత్తదే. టార్క్ (ఎంత బలంతో బిగించాలో ఆ లెక్క) మీ మోడల్ మాన్యువల్‌లో చూసి టార్క్ రెంచ్‌తోనే బిగించి, అంచు గాడిలోకి నొక్కు కొట్టండి. నట్ వదులుగా ఉండగా కారు బరువు చక్రం మీద వేసి నడిపితే వీల్ బేరింగ్ పోతుంది. అందుకే స్టాండ్ మీదే బ్రేక్ తొక్కించి ముందు గట్టిగా బిగించి, తర్వాత దించి చివరి టార్క్ ఇవ్వండి. వంద కిలోమీటర్లు నడిపాక రెండు బూట్ల అంచుల చుట్టూ వేలితో తడమండి. గ్రీజు తగిలితే ఆ క్లిప్పు తీసేసి కొత్తది వెయ్యండి.