ఘాతంలో ‘ఐ’ వస్తే సంఖ్య ఎందుకు తిరుగుతుంది?

ప్రశ్న (పెరంబూరు వాసి)

మా అమ్మాయి ఇక్కడ చెన్నైలో ప్లస్ టూ చదువుతోంది. సంకీర్ణ సంఖ్యల పాఠంలో ఆయిలర్ సూత్రం (‘ఇ’ ఘాతం ‘ఐ’ తీటా = కొసైన్ తీటా + ‘ఐ’ సైన్ తీటా; ‘ఇ’ అంటే దాదాపు 2.718, ‘ఐ’ అంటే ఋణ ఒకటి వర్గమూలం, తీటా అంటే కోణం) దగ్గర ఆగిపోయి, “నాన్నా, రెండు ఘాతం మూడు అంటే మూడు రెళ్లను గుణించడం కదా, మరి ‘ఇ’ ఘాతం ‘ఐ’ తీటా అంటే ‘ఇ’ని ఎన్నిసార్లు గుణించినట్టు?” అని అడిగింది. నెల్లూరులో తెలుగు మీడియంలో ఇంటర్ చదివినప్పుడు డిమూవర్ సిద్ధాంతం లెక్కలు తడుముకోకుండా చేసేవాణ్ణి గాని, ఈ సందేహం నాకెప్పుడూ రాలేదు. ‘ఇ’ ఘాతం x శ్రేణి (1 + x + x²/2! + x³/3! + …)లో x బదులు ‘ఐ’ తీటా పెడితే వాస్తవ పదాలు కొసైన్‌గానూ, కల్పిత పదాలు సైన్‌గానూ విడిపోతాయని చూపించాను. “సరే, ఇందులో తిరగడం ఎక్కడుంది?” అంది. ఏమని చెప్పాలి?

సమాధానం (విశ్రాంత లెక్కల మాస్టారు, మైలాపూరు)

‘ఎన్నిసార్లు’ అన్న మాటను ముందు వదిలేయమనండి. రెండు ఘాతం అర దగ్గరే ఆ అర్థం చెల్లదు. ఇక్కడ ఘాతానికి అర్థం ఇచ్చేది ఆ శ్రేణే, తిరగడం కూడా అందులోనే ఉంది. ‘ఐ’తో గుణించడమంటే అపసవ్య దిశలో 90 డిగ్రీలు తిప్పడం కనుక, శ్రేణిలో ప్రతి పదమూ తన ముందు పదానికి లంబంగా నిలుస్తుంది.

తీటాకు ‘పై’ (దాదాపు 3.14) విలువ ఇచ్చి గ్రాఫు కాగితం మీద గీయించండి. సున్నా దగ్గర బయలుదేరి తూర్పుకు 1, ఉత్తరానికి 3.14, పడమరకు 4.93, దక్షిణానికి 5.17, మళ్లీ తూర్పుకు 4.06, ఉత్తరానికి 2.55, పడమరకు 1.34, దక్షిణానికి 0.60, తూర్పుకు 0.24, ఉత్తరానికి 0.08, పడమరకు 0.03 నడవాలి. ముందు అడుగును ప్రతిసారీ 3.14తో గుణించి, వరుసగా 1, 2, 3తో భాగిస్తున్నంతసేపు అడుగు పెరుగుతుంది, 4 నుంచి తరుగుతుంది. ఆ చదరపు మెలిక ముగ్గు సరిగ్గా ఋణ ఒకటి మీదికి ముడుచుకుపోతుంది.

మీ అమ్మాయి సందేహం చిన్నదేమీ కాదండి. ఆయిలర్ ఈ సూత్రాన్ని 1748లో అచ్చువేశాడు. సంకీర్ణ సంఖ్యలను తలం మీద గీతలుగా, గుణకారాన్ని కోణాల కూడికగా చూపే వ్యాసాన్ని వెస్సెల్ అనే సర్వేయరు డెన్మార్క్ అకాడమీకి సమర్పించింది 1797లో.

సమాధానం (వేళచ్చేరి)

మాస్టారి ముగ్గు గమ్యానికి చేరుస్తుంది గాని, వృత్తం వెంట నడవదు. నాకు చక్రవడ్డీయే తేలిక. రూపాయి అసలుకు నూటికి నూరు వడ్డీని ఏడాదిలో ఎన్ని వాయిదాలుగా చేసి కలుపుతూ పోతే మొత్తం అంతగా ‘ఇ’ని సమీపిస్తుంది. అక్కడ వడ్డీ అసలు ఉన్న దిశలోనే చేరుతుంది. ఘాతంలో ‘ఐ’ ఉంటే మాత్రం వడ్డీ ప్రతిసారీ అప్పటి అసలుకు లంబంగా చేరుతుంది, అందువల్ల అసలు పెరగడానికి బదులు పక్కకు తిరుగుతుంది. పది వాయిదాలకు పొడవు 1.051, కోణం 57.1 డిగ్రీలు, నూరు వాయిదాలకు పొడవు 1.005, కోణం 57.29. వాయిదాలు పెరిగేకొద్దీ పొడవు ఒకటికి, కోణం ఒక రేడియన్‌కు (దాదాపు 57.3 డిగ్రీలు) చేరతాయి.

పెరంబూరు వాసి

వడ్డీ లెక్క అమ్మాయికి వెంటనే పట్టుబడింది, ముగ్గు కూడా గీసింది. అయితే సరిచూద్దామని కాలిక్యులేటర్‌లో కొసైన్ 3.14 నొక్కితే ఋణ ఒకటి రాలేదు, 0.9985 వచ్చింది.

విశ్రాంత లెక్కల మాస్టారు

యంత్రం డిగ్రీలలో ఉందండి, రేడియన్లకు మార్చమనండి. వడ్డీ లెక్కలో వాయిదాలు పెరిగేకొద్దీ, లంబంగా వేసే చిన్న అడుగుల పొడవులన్నీ కలిస్తే వచ్చేది చాపం పొడవు. వ్యాసార్ధం ఒకటైనప్పుడు అదే కోణం కావాలంటే రేడియన్లలోనే కొలవాలి. ఇక డిమూవర్ సిద్ధాంతాన్ని వేరే నిరూపించనక్కరలేదు: తీటా చొప్పున ఐదుసార్లు తిప్పితే ఐదు తీటాలు తిరిగినట్టే.