డకార్ ర్యాలీకి పోతున్నాం, ఇసుకలో డేరా ఎట్లా నిలబెట్టాలె?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్లగొండ, ఉండేది రియాద్‌ల. ఎడారిల కార్లు, బైకులు, ట్రక్కులు ఉరికే పందెం డకార్ ర్యాలీ 2020 నుంచి సౌదీలనే నడుస్తున్నది కదా, జనవరిల రెండు రాత్రులు ఎడారిలో ఉండి చూద్దామనుకుంటున్నం. ఇద్దరం పెద్దలం, ఎనిమిదేండ్ల పాప, అమ్మ.

అసలు సమస్య గాలి. మన చెల్కల జానెడు మేకు దిగితే కదలదు. మెత్తటి ఇసుకల తాడు గుంజంగనే లేచొస్తది. అందుకే ఖాళీ బియ్యం సంచిలో ఇసుక నింపి, నడుముకు తాడు కట్టి, మూరెడు లోతు గుంతల అడ్డంగా పూడ్చి, పైన తొక్కుదామని ఆలోచన. నలుగురు పట్టే డేరాకు ఆరు సంచులు చాలా? సంచికి పది కిలోల ఇసుక సరిపోతదా?

బండి ఇసుకల కూరుకపోకుండ టైర్ల గాలి 35 పీఎస్ఐ నుంచి 18కి దించుతం. 15 కన్నా తగ్గితే మలుపుల టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. తారురోడ్డు ఎక్కేముందు మళ్లా గాలి నింపాలె, లేకుంటే వేడెక్కి పగులుతది. లైటర్ సాకెట్‌కు పెట్టే చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లు నింపితే ఫ్యూజు పోతదా? బ్యాటరీకి క్లిప్పులతో తగిలించేదే కొనాల్నా?

నీళ్లు మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్క వేసినం.

అమ్మకు చలి పడదు. పొద్దుగూకంగనే ఇసుక చల్లబడి కింది నుంచే చలి ఎక్కుతది. ఫోమ్ చాప ఒక్కటి చాలా, కింద ఇంకో జంపఖానా పరచాల్నా?

పందెం చూసేటప్పుడు, ఎక్కే డ్రైవరుకు అవతలి వైపు కనిపించదు కాబట్టి దిబ్బ కొనకు అవతల నిలబడం. పాపతోని ఎంత దూరంల ఉంటే మంచిదో పోయొచ్చినోళ్లు చెప్పండి.