కూకట్‌పల్లి, మియాపూర్ వైపు పెద్దవాళ్ల డే కేర్: ఎవరైనా పంపించారా?

కేపీహెచ్‌బీ కోడలు
మా అత్తయ్యకి 76. రెండేళ్లుగా డిమెన్షియా, అదే మతిమరుపు జబ్బు. నేను ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలైంది. పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా చూసుకునే చోటు కావాలి. ఫీజు ఎంత? వ్యాన్ వస్తుందా? డైపర్ మారుస్తారా? మొదట్లో ఎలా అలవాటు చేశారు?

ఉప్పల్‌వాసి
వ్యాన్ ఊసెత్తకండి. నాన్నని ఎక్కించుకుని ఇంకో ఐదిళ్లు తిప్పేవాడు. దిగేసరికి ప్యాంటు తడి. మూడో రోజు నుంచి నేనే బండి మీద దింపాను, జారిపోకుండా మా ఆవిడ చున్నీతో నా నడుముకి కట్టుకుని. ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యారు. నాచారం సిగ్నల్ దగ్గర రోజూ ఒకటే ప్రశ్న, "డిపో వచ్చిందా?"

సైనిక్‌పురి అక్క
మా అమ్మకి మాత్రం బాగా కలిసొచ్చింది. ఇంట్లో జాకెట్టు హుక్కులు పెట్టుకోలేని మనిషి అక్కడ తంగేడు పూలు వరస తప్పకుండా బతుకమ్మ పేర్చింది! మాత్రలు కూడా ఇంట్లో ఉమ్మేసేది. అక్కడి ఆయా పొడి చేసి పెరుగన్నంలో కలిపితే మాట్లాడకుండా తినేస్తోంది.

రిటైర్డ్ హెడ్ నర్స్
పొడి చేసి కలిపారా? ఏ మాత్ర? 34 ఏళ్లు వార్డుల్లో చేశాను, ఇలాంటివి చాలా చూశాను. పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరగాల్సిన మందు. నలిపితే రోజంతటి డోసు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. కోటింగ్ ఉన్న గ్యాస్ మాత్ర నలిపితే కడుపులోని యాసిడ్‌కే పాడైపోతుంది. డాక్టర్ని అడిగితే కొన్నిటికి సిరప్పో, నాలుక మీద కరిగేదో రాస్తారు.

సైనిక్‌పురి అక్క
అది మామూలు బీపీ మాత్ర, డాక్టర్ని అడిగే కలుపుతున్నాం. మీరొక్కరే చదువుకున్నారా మేడమ్?

రిటైర్డ్ హెడ్ నర్స్
ఆ డాక్టర్ ముక్క ముందే రాయాల్సింది. ఇది చదివి రేపు ఇంకొకరు షుగర్ మాత్ర దంచుతారు.

అమీర్‌పేట అబ్బాయి
అసలు కన్నవాళ్లని ఎక్కడో దింపి రావడమేంటండీ? మా తాతయ్యని 92 ఏళ్లు వచ్చేదాకా ఇంట్లోనే చూసుకున్నాం.

ఉప్పల్‌వాసి
"చూసుకున్నాం" అంటే ఎవరు బాబూ? డైపర్ నువ్వు మార్చావా?

అమీర్‌పేట అబ్బాయి
అమ్మ చూసుకునేది.

ఉప్పల్‌వాసి
అదీ సంగతి. ఆ రోజుల్లో రాత్రి ఎన్ని గంటలు పడుకుందో మీ అమ్మనే అడుగు.

డల్లాస్ తమ్ముడు
మా ఇంట్లో పెద్దవాళ్ల కోసం నేను నెలనెలా డబ్బు పంపుతూనే ఉన్నా. మా వదిన ఏ అటెండెంట్‌నీ నెల నిలవనివ్వదు. ఇల్లేమో అన్నయ్య పేరున రాయించేసుకున్నారు.

మల్కాజ్‌గిరి ప్లీడర్
2007 నాటి వృద్ధుల పోషణ చట్టం, సెక్షన్ 23 చూడండి. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తి అయితే, మాట తప్పినప్పుడు ట్రిబ్యునల్‌లో రద్దు చేయించొచ్చు. ఆ షరతు ఉందని చూపించగలరా లేదా, అక్కడే కేసు నిలిచేదీ పడేదీ.

కేపీహెచ్‌బీ కోడలు
అయ్యా, మాది అద్దె ఇల్లు. నేను అడిగింది డే కేర్ గురించి.

రిటైర్డ్ హెడ్ నర్స్
మొదటి వారం రెండు గంటలే ఉంచమ్మా, నువ్వూ పక్కన కూర్చో. చీకటి పడే వేళకి ఇలాంటివాళ్లకి కంగారు ఎక్కువవుతుంది, అందుకే 4 దాటనివ్వకు. జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆటోలోంచి దిగిపోతానంటారు. 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చేసి మీ వైపు సెంటర్లు అడుగు. అల్జీమర్స్ సొసైటీ ఏఆర్‌డీఎస్‌ఐకి కూడా ఇక్కడ శాఖ ఉంది.

అమీర్‌పేట అబ్బాయి
అమ్మని అడిగాను. "ఇప్పుడా అడిగేది" అంది.

కేపీహెచ్‌బీ కోడలు
థాంక్స్ మేడమ్. గురువారం మియాపూర్‌లో ఒకటి చూడ్డానికి వెళ్తున్నా. ఫీజు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు!

సైనిక్‌పురి అక్క
మాకు నెలకి 14 వేలు, డైపర్లు మనవే. భోజనం కూడా మనమే పంపాలి. డబ్బా అడుగున పేరు చెక్కించండి, మావి రెండు స్టీలు డబ్బాలు పోయాయి.