వైజాగ్ కాలనీలో రెండు రాత్రులు టెంట్: సింబాను తీసుకుపోవాలా, ఇంట్లో వదలాలా?

నల్గొండ లాబ్రడార్
సంక్రాంతి సెలవుల్లో నలుగురం నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ దగ్గర, సాగర్ బ్యాక్ వాటర్ ఒడ్డున టెంట్ వేద్దామనుకుంటున్నాం. మూడో రోజు మన్ననూరు మీదుగా ఫరహాబాద్. మా సింబాకు మూడేళ్లు, లాబ్రడార్. వాడిని వదిలి రానని మా ఆవిడ పట్టుబట్టింది. నాన్నేమో అడవి దిక్కు కుక్క ఎందుకురా అంటున్నాడు. నాకైతే రాత్రి టెంట్ బయట కట్టేస్తే కాపలా ఉంటుందని ధైర్యం. మీరేమంటారు?

దేవరకొండ రైడర్
తీసుకుపో అన్నా. మా కుక్కను రెండుసార్లు ఆ ఒడ్డుకు తీసుకుపోయిన. దానికంత సంతోషం నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఇంట్లో వదిలితే రెండు రోజులు అన్నం ముట్టదు, అది కూడా బాధే కదా. అలవాటు పడాలంటే వారం ముందు నుంచే మిద్దె మీద టెంట్ వేసి అందులో పడుకోబెట్టు. మొదటిసారి ఆ పని చేయక మేం రాత్రంతా జాగారం చేసినం, ప్రతి గాలి చప్పుడుకూ మొరిగింది.

పశువైద్యం చదువుతున్నా
ఒడ్డుకు సరే. బయట కట్టేయడం మాత్రం వద్దన్నా, చేతులెత్తి చెప్తున్నా. చిరుతకు కుక్క ఇష్టమైన వేట. 2020లో మర్రిగూడ మండలంలో కంచె తీగలో చిరుత చిక్కింది, గుర్తుందా? వైజాగ్ కాలనీ అంతకంటే అడవికి దగ్గర. గొలుసుకు కట్టిన కుక్క పారిపోలేదు, పోరాడలేదు. మీకు కాపలా అనిపించేది చిరుతకు ఎర. సింబా మీతో పాటు టెంట్ లోపలే పడుకోవాలి, జిప్ పూర్తిగా వేయాలి.

వెళ్లేలోపు యాంటీ రేబిస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో టీకాల తేదీలు చూడండి. బూస్టర్ బాకీ ఉంటే కనీసం రెండు వారాల ముందు వేయించండి, బయల్దేరే రోజు కాదు. పిడుదుల మందు కూడా డాక్టర్‌ను అడిగి ముందే వాడండి. మేకలు, గొర్రెలు తిరిగే గడ్డిలో పిడుదులు విపరీతం, వాటి వల్ల వచ్చే జ్వరంలో కుక్క తిండి మానేస్తుంది, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. రోజూ సాయంత్రం చెవుల వెనక, వేళ్ల సందుల్లో వెతకండి. పల్లేరు కాయలు కూడా అక్కడే దొరుకుతాయి.

బిర్యానీ ఎముకలు, ఉల్లిపాయ, చాక్లెట్ దానికి పెట్టొద్దు. ఉడికిన కోడి ఎముక పెళుసుగా విరిగి పేగును చీల్చగలదు. నొప్పి అనుకుని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వేయొద్దు. చేపలు పట్టేవాళ్లు వదిలేసిన గాలాలు కూడా ఒడ్డున ఉంటాయి, కుక్క మింగితే ఆపరేషనే.

పాము కరిస్తే కట్టు బిగించకుండా, నడిపించకుండా ఎత్తుకుని వెళ్లాలి. మనుషులకు వాడే విషనిరోధక మందే కుక్కకూ ఇస్తారు. అది ఏ పశువైద్యశాలలో ఉందో బయల్దేరకముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక ఫరహాబాద్. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ఉంది, అందులోకి కుక్కతో పోకూడదు. కుక్కల డిస్టెంపర్ వైరస్ పులి, సింహం లాంటి పిల్లి జాతి జంతువులకూ సోకుతుంది. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో ఆ వైరస్ బయటపడింది.

దేవరకొండ రైడర్
అక్కా, అడవిలోని చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో కుక్కలు లేవా? అడవి అంచు ఊళ్లలో వందల కుక్కలు తిరుగుతాయి. టీకాలు వేసిన ఒక్క సింబా వల్ల పులికి రోగం వస్తుందంటే నమ్మలేకపోతున్నా.

పశువైద్యం చదువుతున్నా
టీకాలు సరిగ్గా పడ్డ కుక్కతో ప్రమాదం తక్కువే, ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ ఒకరిని వదిలితే వెనక వచ్చే పది మందినీ వదలాలి, వాళ్ల కుక్కల సంగతి ఎవరికి తెలుసు? అభయారణ్యం చుట్టూ 5 కిలోమీటర్లలోపు పశువులకు అంటురోగాల టీకాలు వేయాలని వన్యప్రాణి చట్టంలోనే ఉంది. ఊరి కుక్కలకు కూడా అలాగే జరగాలని నా కోరిక. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ల ఇంటి కుక్కకూ, మనం సరదాకు తీసుకుపోయే కుక్కకూ పోలిక పెట్టడం న్యాయం కాదు.

మందల ఇంటోడు
మా నాయన ఆ ఒడ్డునే గొర్లు కాస్తడు. నిరుడు టెంటోళ్ల కుక్క ఒకటి మంద మీదికి ఉరికింది. మంద చెదిరి ఒక చూడిగొర్రె బండల మీద పడి కాలు ఇరిగింది. వాళ్లు సారీ చెప్పి కారెక్కి పోయిండ్రు. కుక్క చెడ్డది కాదు, ఆట అనుకుంది. తాడు ఉంటే ఆ గొర్రె బాగుండేది. మీరు రావొద్దని చెప్పట్లేదన్నా, తాడు మాత్రం చేతిలో ఉండాలె.

నల్గొండ లాబ్రడార్
తమ్ముడూ, చదివి మనసు కలుక్కుమంది. ఇంట్లో మాట్లాడుకున్నాం. ఫరహాబాద్ ఈసారి తీసేశాం, మూడో రోజు దేవరకొండ మీదుగా ఇంటికే. సింబా లోపలే పడుకుంటాడు, బయట ఉన్నంతసేపూ తాడు. లెప్టో బూస్టర్ బాకీ ఉందని కార్డు చూస్తే తెలిసింది, రేపే వేయిస్తున్నా. మీ మందలు నీళ్లకు ఏ దిక్కు దిగుతాయో చెప్తావా? టెంట్ అటు వేయం.

మందల ఇంటోడు
రేవుకు ఎడమ పక్క, బండలున్న దిక్కు. పొద్దున పదిన్నరకు దిగుతయి, మళ్లా మూడింటికి. మీరు కుడి పక్క వేయండి, అక్కడ వేపచెట్టు నీడ కూడా ఉంది. వచ్చినంక నాయనను పలకరించండి అన్నా.