చెర్నోబిల్‌లోని ‘చెర్నో’, మన ‘కృష్ణ’ చుట్టాలేనా?

ప్రశ్న: రష్యన్‌లో నలుపుని ‘చోర్నీ’ అంటారట. మన ‘కృష్ణ’కీ దానికీ చుట్టరికం ఉందని ఎక్కడో చదివాను. చో ఎక్కడ, కృ ఎక్కడ? నాకైతే నమ్మబుద్ధి కాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: చుట్టరికం నిజమేనండీ. పైకి పోలిక కనపడకపోవడమే ఇందులో మజా. రష్యన్ లాంటి స్లావిక్ భాషలన్నిటికీ తల్లి అయిన ఆదిస్లావిక్‌లో ఈ విశేషణం *చిర్ను. ఆ ఇకారాన్నీ, ఉకారాన్నీ సగం మింగేసినట్టు పలకాలి. ముందున్న నక్షత్రం గుర్తుకి అర్థం, ఈ రూపం రాతలో ఎక్కడా దొరకలేదు, పిల్ల భాషల్ని పోల్చి కట్టుకున్నదని. దాని వెనక, సంస్కృతానికీ స్లావిక్‌కీ కూడా మూలమైన ఆది ఇండో-యూరోపియన్‌లో *కృస్నొస్. ఋకారం స్లావిక్, దాని దగ్గరి చుట్టాల వైపు ‘ఇర్’ అయింది. ఆ చుట్టాల్లో ఒకటైన, ఇప్పుడు అంతరించిన ప్రాచీన ప్రష్యన్‌లో ‘కిర్స్నన్’ అంటే నలుపే. స్లావిక్‌లో ఆ ‘కి’ కాస్తా ‘చి’ అయింది. రేఫ తర్వాతి సకారం గొంతులో గరగరలాడే హకారంగా మారి, నకారం ముందు జారిపోయింది. సంస్కృతంలోనూ ఋకారం తర్వాతి సకారం ఊరుకోలేదు, షకారమైంది.

క చ అవడం మనకి కొత్తా? కన్నడవాళ్ల కివి మనకి చెవి, వాళ్ల కెరె మనకి చెరువు. ఇ, ఎ ముందు కకారం నిలవలేదు, అంతే.

ప్రశ్న: అయితే సంస్కృతం నుంచే రష్యన్‌కి వెళ్లిందన్నమాట!

జవాబు: ఆ మాట మాత్రం అనకండి, ఈ గ్రూపులో నెలకోసారి ఇదే గొడవ. రెండూ ఒక తల్లి పిల్లలు. దేవుడి పేరుని రష్యన్‌వాళ్లు అరువు తెచ్చుకున్నారు, అది ‘క్రిష్న’ అనే ఉంది, చోర్నీ కాలేదు. అరువు మాటకీ ఇంటి మాటకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

అర్థాలు కూడా చాలానే పాకాయి. సిరాకి రష్యన్‌లో ‘చెర్నీల’, అంటే నల్లనిదని. ఇప్పుడు ఎర్ర సిరా కూడా చెర్నీలే! ‘చెర్నెత్స్’ అంటే నల్లబట్టల సన్యాసి. ‘చెర్న్’ అంటే అలగాజనం. ‘చెర్నవీక్’ అంటే చిత్తుప్రతి. ‘చెర్నోజ్యోమ్’ నల్లమట్టి, కానీ మన నల్లరేగడి వేరే రకం నేల, రెండూ కలపకూడదు. ఇక చెర్నోబిల్. 1986 అణు ప్రమాదం తర్వాత ఆ పేరు వింటేనే మనకి టెన్షన్. నిజానికది ఒక మొక్క పేరు, ‘నల్లకాడ’ అని అర్థం. వినాయకచవితి పత్రిలో పెట్టే మాచిపత్రి కూడా ఆ జాతిదే.

నదులకీ ఇదే పేరు. మనకి కృష్ణ, లిథువేనియాలో కిర్స్న. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ‘చోర్నయ రేచ్క’ అంటే నల్లవాగు. 1837లో రష్యన్ కవి పుష్కిన్ ద్వంద్వయుద్ధంలో గాయపడింది ఆ ఒడ్డు దగ్గరే.

ప్రశ్న: యూరప్‌లోని మాంటెనెగ్రో దేశం పేరు కూడా ఇందులోకే వస్తుందా?

జవాబు: భలే అడిగారు. మాంటెనెగ్రో అనేది వెనిస్‌వాళ్ల అనువాదం. అక్కడివాళ్లు ‘త్సర్న గోర’ అంటారు. త్సర్న మన *చిర్ను సంతతే. ‘గోర’ అంటే కొండ, అదీ మన ‘గిరి’కి చుట్టమే. రెండూ కలిపితే తమిళనాట మనవాళ్లు బోలెడంతమంది ఉన్న ఊరి పేరు వస్తుంది: కృష్ణగిరి.