కెమెరా ఎత్తగానే మనుషులు బిగుసుకుపోతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: వీధిలో ఫోటోలు తీద్దామని వెళ్తాను. కెమెరా కంటికి ఆనించేసరికి ఎదుటివాళ్లు బిగుసుకుపోతారు. లేదా ఫోకస్ కుదిరేలోపు ఆ క్షణం కాస్తా జారిపోతుంది. దారి చెప్పండి.

జవాబు: ఫోకస్ ముందే పెట్టేసుకోండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, 35 ఎంఎం లెన్స్, ఎఫ్/8 (లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసే సెట్టింగ్), ఫోకస్ దూరం 3 మీటర్లు. సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది.

జవాబు: అమెరికన్ వీధి ఫోటోగ్రాఫర్ వివియన్ మేయర్, పైనుంచి చూసే రోలీఫ్లెక్స్ కెమెరాని ఛాతీ కింద పట్టుకుని, తల వంచి చూస్తూ తీసేవారు. మీ కెమెరాకి పైకి వంచే స్క్రీన్ ఉంటే మీరూ అలాగే తీయొచ్చు.

జవాబు: నేనైతే ఒకచోట నిలబడి కాచుకుంటాను. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ 1932లో పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటో చూడండి. దూకిన మనిషి మడమ ఇంకా నీళ్లను తాకలేదు. ఆ కాస్త ఖాళీ కోసమే ఆ ఫోటోని ఎన్నిసార్లు చూశానో!

ప్రశ్న అడిగినవారు: రేపు పొద్దున్నే 3 మీటర్లు పెట్టుకుని వెళ్తానండీ.